దొర ఇచ్చిన పొడుగు కర్రలు

మా ఆయన చెయ్యి మంచిదని చిత్తూరులో పేరు. ఒక సర్కారు ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం ఆయనది. చెరువులు, కాలువలు, పొలిమేరలు. వెంట్రుక మందం గీతను ఈ కొస నుంచి ఆ కొసకు ఊపిరి బిగబట్టి లాగేవాడు, లాగాక ఊపిరి వదిలేవాడు. నేను తిరుపతి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన నా అరచేతిలో గోరింటాకుతో మామిడి పిందెలు గీస్తే, వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి పోయారు. ఆ చెయ్యి ఎలా పోయిందో చెప్పాలని కూర్చున్నాను. తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు ఆ తర్వాత.

యుద్ధం నడుస్తున్న రోజులవి. బియ్యానికి కార్డు, కిరసనాయిలుకు వరస. ఆ ఆఫీసు పెద్ద దొరకు మాత్రం సాయంత్రం ఆట లేకపోతే పొద్దు పోయేది కాదు. బంగారుపాళ్యం పోయే బాటలో, ఊరు దాటాక ఉన్న బీడు నేలలో గుంతలు తవ్వించి గోల్ఫు ఆట పెట్టించాడు. చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి గుంతలో వెయ్యాలి, అంతే ఆట. మా అత్త దాన్ని గుంతాట అనేది. దొరల దేశంలో దానికి మెత్తని పచ్చిక ఉంటుందట. మా బీట్లో రాళ్ళూ పల్లేరుకాయలూ ఉండేవి. గుంతల చుట్టూ మాత్రం ఇసుక పోసి, గాలికి లేచిపోకుండా మోటారు బండ్లలో వాడి పారేసిన నూనె కలిపి చదును చేసేవాళ్ళు. మా ఇంట్లో దీపానికి చుక్క లేదు, అక్కడ ఇసుక నూనె తాగేది.

దొరతో ఆడే కుర్ర దొరలంతా యుద్ధానికి పోయారు. జోడీ లేక ఆయన మన ఉద్యోగస్థుల్లో కొందరిని పిలిచి ఆట నేర్చుకోమన్నాడు. అంత సన్నగా గీత లాగేవాడికి గురి తప్పదని మా ఆయన్ను ఏరాడు. తన పాత కర్రలు కొన్ని తోలు సంచీలో పెట్టి, స్వయంగా చేతికి ఇచ్చాడు. ఆఫీసులో పెద్ద గీతగాడి ఉద్యోగం ఖాళీ కాబోతున్నది, అది నీకేనన్నట్టు ఒక మాట కూడా విసిరాడు. ఆ రోజు మా ఇంట్లో పండగే. మా అత్త గడప దగ్గర ఎదురొచ్చి దిష్టి తీసింది. కొడుక్కు తీసిందో కర్రలకు తీసిందో నాకు తెలియదు.

అవి కొయ్య కర్రలు. పైన పట్టుకోవడానికి తోలు చుట్టు, అడుగున ఇనుప ముక్క. దొర ఆరడుగుల మనిషి. నేను పొట్టిదాన్ని, మా ఆయన నాకన్నా నాలుగు వేళ్ళు మాత్రమే ఎత్తు. ఆయన ఒక కర్ర తీసి వసారాలో పట్టుకు నిలబడితే నాకు నవ్వాగలేదు.

"ఏందిది, రోకలి తెచ్చినారా?" అన్నాను.

ఆ మాట ఊరికే రాలేదు. మా అమ్మ నన్ను కాపురానికి పంపే ముందు నిలబెట్టి, కొలిచి, నా ఎత్తుకు రోకలి కోయించి పంపింది. పక్కవాళ్ళ రోకలితో దంచితే రెక్కలు పడిపోతాయని మా పుట్టింటి వాళ్ళ పట్టుదల. అందుకే మళ్ళీ చెప్పాను.

"నవ్వులకు అన్లేదు. ఇవి మీకు పొడుగు. పైన జానెడు కోయించండి."

"దొర చేత్తో ఇచ్చినవి కోస్తారటే? మతి ఉండాదా నీకు?" అన్నాడు.

ఆట నేర్పడానికి దొర మదరాసు నుంచి ఒక ముసలాయన్ను రప్పించాడు. ఊళ్ళో ఎవరూ లేని మనిషి కదా అని మా ఆయన ఆదివారాలు ఆయన్ను భోజనానికి పిలిచేవాడు. ఒక ఆదివారం వడ్డించి, తలుపు చాటుకు వచ్చి నేనే అడిగాను.

"అయ్యా, కర్ర మనిషికి సరిపోయిందో లేదో మీరు సూడరా?"

"అది నా పని గాదమ్మా. మదరాసులో దానికి వేరే మనిషి ఉండాడు. కొలిచేది వాడు, కోసేది వాడు. నేను ఆట చెప్పేవాణ్ణి."

"ఈడ ఆ మనిషి లేడు గదా."

"లేడు."

"మరి ఎవురు సూడాల?"

మా ఆయన నా వైపు ఉరిమి చూశాడు. ముసలాయన మాత్రం అన్నం కలిపే చెయ్యి ఆపి, నెమ్మదిగానే చెప్పాడు. "తల్లీ, ఒకసారి సూసినా. ఒక జమీందారు కొడుక్కు ఇంకో దొర బహుమానంగా కర్రలిచ్చినాడు. ఇవి నీకు పొడుగు నాయనా, మార్చుకో అన్నా. ఆ మాట దొర చెవిన పడింది. నేనిచ్చిన దానికే వంక పెడతాడా అని నన్ను పంపేసినాడు. ముగ్గురు ఆడబిడ్డల్ని పెట్టుకోని బువ్వకు అల్లాడినా. మళ్ళా ఆ మాట నా నోట్లోంచి రాదు."

నాకు జాలి వేసింది. ఆయన మాటతో మాత్రం నేను ఒప్పుకోలేదు. కొలిచేవాడు వేరే ఉన్న చోట సరే. లేని చోట, కర్ర చేతికిచ్చి ఇలా కొట్టు అని నేర్పేవాడే ముందు ఆ కర్రను చూడాలి. అది చూడకుండా చెప్పిన పాఠం ఎవరి కోసం? దొర ఎత్తుకు సరిపోయే పాఠం మా ఆయనకు చెప్పాడు. ఇది నా మాట, ఇప్పటికీ మార్చుకోలేదు.

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బీటికి పోయేవాడు. కర్రను కిందికి పట్టుకుంటే పైకొస పొట్టలో పొడిచేది. "దొర పట్టినట్టు పైన పట్టు" అని ముసలాయన వేళ్ళ మీద కొట్టేవాడు. పైన పట్టుకుంటే ఇనుప ముక్క బంతి కన్నా ముందే నేలకు తగిలేది. అది మెత్తని నేల కాదు కదా. అదురంతా మణికట్టులోకి వచ్చేది. ఒకసారి ఆఫీసులో, కర్ర నాకు పొడుగేమో అని మా ఆయన నోరు జారాడు. అంతే, ఆ రోజంతా అక్కడ అదే పాట.

"ఆడలేక మద్దెల ఓడంట!"

ఆ తర్వాత ఆయన ఆ మాట ఎక్కడా ఎత్తలేదు. సామెత మంచిదే, నేనూ నూరుసార్లు వాడి ఉంటాను. కానీ మద్దెల నిజంగా ఓడైనప్పుడు ఆడేవాడు ఏం చెయ్యాలో అందులో లేదు.

మణికట్టు వాచింది. వావిలాకు వేడి చేసి కాపడం పెట్టేదాన్ని. పొద్దున్నే చొక్కా చెయ్యి కిందికి లాగి వాపు కప్పుకుని ఆఫీసుకు పోయేవాడు. దసరా దగ్గర పడ్డాక ఒక సాయంత్రం బీటికి పోకుండా ఇంటికి వచ్చేశాడు. మంచం మీద కూర్చుని కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"గీత వణికిందే," అన్నాడు. "పటం చెడిపోయింది. చిన్నప్పటి నుంచి ఎప్పుడూ వణకలే."

ఆయనే మళ్ళీ, "వడ్రంగిని పిలిపించు. పండగ పోయినాక కోయిద్దాం. మళ్ళా తోలు చుట్టేస్తే దొరకు యాడ తెలుస్తాది?" అన్నాడు. ఆ రాత్రి చాలా రోజులకు నేను కడుపు నిండా తిన్నాను.

ఆయుధపూజ నాటికి నేను బయట చేరాను. మూడు రోజులు పెరటి వసారాలో కూర్చోవాలి, పూజగది ఛాయలకు పోకూడదు. అంతకు ముందు ఏడాది దాకా మా ఇంటి పూజలో ఆయన గీతల పెట్టె ఉండేది. వృత్తాలు గీసే ముళ్ళు, సన్నని కలాలు, కొలబద్ద అన్నీ దాంట్లోనే. ఈసారి మా అత్త ఆ పెట్టెను ఒక పక్కకు జరిపి, నడిమధ్య దొర కర్రలు పరిచింది. గంధం పూసి, కుంకుమ పెట్టి, ఒక్కొక్క దానికీ పూలు చుట్టి, గుమ్మడికాయ కొట్టించింది. నేను పెరట్లోంచి గంట చప్పుడు విన్నాను. లోపల దేనికి హారతి ఇస్తున్నారో అప్పుడు నాకు తెలియదు.

పండగ పోయాక వడ్రంగి రంపంతో వచ్చాడు. సంచీ విప్పి, కుంకుమ బొట్లు చూసి వెనక్కి జరిగాడు.

"పూజలో పెట్టినారామ్మా?"

"మా అత్త పెట్టింది. అయితే ఏంది?"

"ఏందంటావేందమ్మా? పసుపూ కుంకమా పడిన ఆయుధానికి రంపం పెడతానా? నా రంపం కూడా మొన్న పూజలో ఉండింది. చెయ్యి పోతాది నాకు."

నేను బతిమాలాను. ఆ రంపం ఇలా ఇవ్వు, నేను కోస్తానన్నాను. మా అత్త చెవులు మూసుకుంది. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి, నా వైపు చూడకుండా, "పూజ అయిపోయింది గదే. ఇంక ముట్టుకోకూడదు," అన్నాడు. వడ్రంగి తన చెయ్యి పోతుందని భయపడి వెళ్ళిపోయాడు. పోయేది ఎవరి చెయ్యో ఆ వాకిట్లో నాకొక్కదానికే కనిపించింది.

చలికాలంలో వేలూరు నుంచి దొరలు పందెం ఆటకు వచ్చారు. మా ఆయన పెద్ద దొరకు జోడీ, చేతిలో అవే పొడుగు కర్రలు. మన్ను కింద దాగిన బండరాయికి కర్ర తగిలి, మణికట్టులో పటుక్కుమన్నదట. ఆట మధ్యలో దొరను వదిలి వస్తే బాగుండదని చివరిదాకా ఆడాడు. ఆడి, గెలిచి వచ్చాడు. ఆ రాత్రికి చెయ్యి గుమ్మడిపిందె అంత అయింది. అలసట తీరితే తగ్గుతుందని ఇంకా కొన్నాళ్ళు నాన్చాడు. చివరికి నేనే బలవంతాన పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాను.

కట్టు కట్టే పెద్దాయన వేళ్ళతో తడిమి చూశాడు. "ఇది మొన్నటి దెబ్బ గాదు నాయనా. లోపల శానా దినాలుగా నలిగిండాది. ఎముక అతుక్కుంటాది, నాది పూచీ. మణికట్టు ముందట్లా వంగుతాదని మాత్రం చెప్పలేను."

ఆయన చెప్పినట్టే ఎముక అతుక్కుంది. మణికట్టు వంగలేదు. ముద్ద నోటి దాకా పోయేది, కలం పట్టుకుంటే మాత్రం వేళ్ళు ఎటో పోయేవి. పెద్ద గీతగాడి ఉద్యోగం వేరేవాడికి పోయింది. దొర ఒక బుట్ట పళ్ళు పంపాడు. మా ఆయన్ను పాత కాగితాల గదిలో కట్టలు కట్టే పనికి మార్చారు. జీతం రోజున చేవ్రాలు పాతదానితో కలవలేదని, జిల్లా పటాలు గీసిన మనిషి చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఆ వేలి సిరాను ఇంటికి వచ్చి బావి దగ్గర కూర్చుని ఇటుక పొడితో రుద్దాడు. సిరా పోయాక కూడా రుద్దుతూనే ఉంటే నేను పోయి చెయ్యి పట్టుకున్నాను.

ముసలాయన మదరాసు పోయే ముందు మా వాకిట్లోకి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "అమ్మా, నువ్వు అడిగినప్పుడే నేను..." అని అక్కడే ఆపేశాడు. నేను మంచినీళ్ళిచ్చాను. తాగి వెళ్ళిపోయాడు.

మళ్ళీ దసరా వచ్చింది. ఆ ఏడాది పూజగదిలో నేను ఉన్నాను. గీతల పెట్టె దుమ్ము తుడిచి తెచ్చి పీట మీద పెట్టాను. దొర కర్రలు సంచీలోనే, మూల ఉన్నాయి. మా అత్త కూడా వాటి ఊసెత్తలేదు. మా ఆయన స్నానం చేసి వచ్చి, పీట వైపు చూసి, ఎడమ చేత్తో ఆ పెట్టెను తీసి పక్కన పెట్టాడు.

"అదేంది, తీసేస్తా ఉండారు?" అన్నాను.

"పని చేసే ఆయుధానికి గదా పూజ. ఇది ఇంక చెయ్యదు," అని మూలకు చూపించాడు. "వాటిని పెట్టు. పని చేసినవి అవే."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుంకుమ భరిణ నా చేతిలోనే ఉంది. నేను లేచి, ఆయన ముందు కూర్చుని, ఆ వంగని మణికట్టుకు గంధం రాసి బొట్టు పెట్టాను. ఆయన చెయ్యి లాక్కోలేదు.