ఒక నిద్ర తీసి చెప్తా

సిగ్గులేదర్రా మీకు! పీకాన్ గింజల తీపిరొట్టె మూడో ముక్క లాగిస్తున్నారు గానీ, గోడమీద ఫొటోలో నోరు తెరుచుకు నిలబడ్డ ఆ ముసలాయన ఎవరని ఒక్క వెధవైనా అడిగాడా? ఆయన వెర్లిన్. మా ఓక్లహోమా పల్లెలో తుపాకి కొనడం చేతకాని మొగాడు ఆయనొక్కడే.

ఊళ్ళో తుపాకుల కొట్టు, యజమాని పోయాక ఆయన కూతురు ఒలీటా నడిపేది. పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మంలో వెర్లిన్ తయారు. ఎప్పుడూ అవే రెండు తీయించి చూసేవాడు: ఒక పొట్టి రివాల్వరు, ఒక సన్న పిస్తోలు. రెండూ అరచేతిలో ఇమిడేవే.

"ఇది జేబులో వేస్తే ప్యాంటు జారిపోద్ది అమ్మాయ్. అదేమో మరీ తేలిక, పోగొట్టుకుంటా."

"రెండూ కొనుక్కో మావా, పీడా పోద్ది!"

"ఏది తియ్యాలో తేల్చుకునేలోపు దొంగ భోంచేసి పోతాడు. ఒక నిద్ర తీసి చెప్తా."

ఇలా ఏళ్ళు. రివాల్వరు పూత ఆయన బొటనవేలికే అరిగిపోయింది. ఆయన్ని చూపించి ఊరంతా నవ్వేది. తను కొనకపోతే పోయె, పక్క గిరాకీని కూడా వాదనలోకి లాగేవాడు. ఒలీటాకి అదే ఒళ్ళుమంట.

ఒకరోజు మా నాన్న డారెల్ వచ్చాడు. తొలిచూలు పసిగుడ్డుని మట్టిలో పెట్టి వారం కాలేదు. నేనింకా పుట్టలేదు.

"పిస్తోలు కావాలి."

"ఏ రకం?" అంది ఒలీటా.

"ఏదైనా పర్లేదు."

బేరమాడని గిరాకీ! ఒలీటా చెయ్యి అప్పుడే అలమార మీదికి పోయింది. వెర్లిన్ మధ్యలో దూరాడు.

"ఏదైనా ఏంటయ్యా? గొడ్డుని కొంటే పళ్ళు చూడవూ? ఇటు తే చెయ్యి!"

"వదులు ముసలాయనా!"

వదల్లేదు. ఇది పట్టించాడు, అది పట్టించాడు, కొట్టు కట్టేసేదాకా బుర్ర తినేశాడు. "ఒక నిద్ర తీసి చెప్దాం. మా ఇంట్లో చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి, నడు" అని భుజమ్మీద చెయ్యేశాడు.

ఒలీటా భగ్గుమంది. "నా బేరం చెడగొట్టావు కదయ్యా!"

మా నాన్నని ముందు నడవనిచ్చి, వెర్లిన్ గొంతు తగ్గించాడు. "మా తమ్ముడు ఇక్కడే నిలబడి ఏదైనా పర్లేదన్నాడు. ఇంటికెళ్ళాలన్న తొందరలో నేనే ఒకటి చూపించా. ఆ రాత్రి దాటలేదు వాడు. నిజంగా కొనేవాడు నీతో పోట్లాడతాడమ్మాయ్. పోట్లాడనివాడికి అమ్మకు."

ఒలీటాకి తెల్లార్లూ కళ్ళు మూతపడలేదు.

మర్నాడు మా నాన్న తలుపు తన్నుకుంటూ వచ్చాడు. "రివాల్వరు మేలన్నవాడికి బుర్రలేదు!"

"నీకుందా?" అన్నాడు వెనకే వచ్చిన వెర్లిన్.

మధ్యాహ్నందాకా అరుచుకుని ఇద్దరూ ఉత్తి చేతుల్తో పోయారు. బేరం పోయినందుకు ఒలీటా అంతలా ఎప్పుడూ నవ్వలేదు.

బతికున్నన్నాళ్ళూ ఆయన్ని పిచ్చోడన్నారు. ఆయన వాదన పుణ్యాన బతికి బట్టకట్టినవాళ్ళు కూడా నోరు విప్పి ఒక మంచిమాట అన్లేదు, మా నాన్నతో సహా. పోయాక ఇల్లంతా వెతికితే ఈగలు కొట్టే కర్ర తప్ప ఆయుధమన్నది లేదు. శవపేటికలో పెడదామని ఒలీటా ఆ రెండు తుపాకులూ తెచ్చింది. ఏది పెట్టాలని మోసేవాళ్ళు పోట్లాడుకుంటుంటే పాస్టరు గడియారం చూసుకున్నాడు.

"ఒక నిద్ర తీసి చెప్పండి" అని ఒలీటా మూత వేసేసింది.

పోయేనాటికి వెర్లిన్‌కి డెబ్బై తొమ్మిది.