సంచి తాడు కోత

నవత మంథనిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. ఫిజిక్స్ సారు మానేయడంతో ఆ పాఠాలూ ఆమె మీదే పడ్డాయి. రోజూ పెద్దపల్లి బస్సులో ఇంటికి వెళ్తూ, ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు చూసి మర్నాటి పాఠం నేర్చుకునేది.

ఆ సాయంత్రం పాఠం పీడనం. సీటు దొరకలేదు. నిలబడే వీడియో ఎన్నిసార్లు చూసినా బలం, వైశాల్యం అన్న మాటలు బుర్రకెక్కలేదు. కూరగాయల సంచి సన్నతాడు వేళ్లను కోసేస్తోంది. విసుగొచ్చి ఫోన్ సంచిలో పడేసి, తాడుకు కొంగు చుట్టి పట్టుకుంది. బరువు అంతే ఉంది, కోత మాత్రం తగ్గింది.

"గింతేనా?" అంది పైకే.

"ఏందే బిడ్డా?" అంది సీట్లోని ముసలమ్మ.

"రేపటి పాఠం సమజైందవ్వా."

"పాఠం తర్వాత. ముందుగాల సంచి నా ఒళ్లె పెట్టు."

మర్నాడు పిల్లలు తలా ఒకసారి ఆ సంచి మోసి, తాడుకు గుడ్డ చుట్టి చూసుకున్నారు. అందరికీ అర్థమైంది. ప్రిన్సిపాల్ సంబరపడి, "మేడమ్, కెమిస్ట్రీ సుత మీరే చూసుకోండ్రి" అన్నాడు.

నవత సరేనని తల ఊపింది. సాయంత్రం బస్సులో సీటు దొరికింది. ఫోన్ తీయకుండానే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.