కరీం భాయ్ వంకర పన్ను

కరీం భాయ్‌కి పై వరుసలో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికెక్కి వంకరగా ఉండేది. ఆ పన్ను మీదే ట్రంపెట్ ఆనించి ముప్పై ఏళ్లు ఊదాడు మహానుభావుడు. పెళ్లికొచ్చినవాళ్లు ముందు ఆ పన్ను చూసి నవ్వేవారు, ఊదడం మొదలుపెట్టాక నవ్వు మరిచిపోయేవారు. మా బొగ్గుగనుల సెంటినరీ కాలనీలో అతని బ్యాండు లేకుండా పెళ్లి బారాతు కదిలేది కాదు, శవం లేచేది కాదు.

మా క్వార్టర్ వెనక గోడ అవతలే వాళ్ల ఇల్లు. బ్యాండు లేని రోజుల్లో బైకులు బాగుచేసేవాడు. తక్కిన బ్యాండువాళ్లు ట్రంపెట్ ఎత్తితే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. ఇతనిది అట్లా కాదు. ఎంత గట్టిగా ఊదినా చెవికి గుచ్చుకోదు, నిండుగా, మెత్తగా వచ్చి లోపల కూర్చుంటుంది. అదెట్లా అని మా ఆయన సదయ్య ఒకసారి అడిగాడు. అడిగిన పాపానికి గంటసేపు చెప్పాడు. పెదవులు ‘మ్’ అన్నట్టు కలపాలట, మూలలు బిగబట్టి నడుమ వదిలెయ్యాలట, బుగ్గలు ఉబ్బించకుండా పొట్టలోంచి గాలి తేవాలట. అన్నిటికంటే ముఖ్యంగా, ట్రంపెట్‌ను పెదవి మీద ఒత్తకూడదట.

“ఒత్తితె మోత వస్తది సదన్నా, పాట రాదు” అనేవాడు.

రోజూ పొద్దున్నే ఒకటే స్వరం పట్టుకుని సన్నగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ తగ్గిస్తూ ఊదేవాడు. పాటా లేదు, పల్లవీ లేదు. కొత్తలో నాకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత అది వినపడని రోజు నాకు చాయ్ కూడా రుచించేది కాదు.

భార్య మెహరాజ్ బేగం జాకెట్లు కుడుతుంది. నాలుగు ట్రంపెట్లు కలిసి మోగినా వాటిలో మొగుడిది ఏదో చెప్పేస్తుంది. బారాతు కాలనీ మూల తిరుగుతున్నప్పుడే లేచి పొయ్యి మీద గిన్నె పెట్టేది. ఆమెకున్న దిగులల్లా ఆ పన్ను. పెళ్లినాడు చుట్టాల ఆడపిల్లలు దాన్ని చూసి పడీపడీ నవ్వారట. ఇన్నేళ్లయినా ఆ మాట చెబుతుంటే ఆమె మొహం చిన్నబోతుంది.

కిందటేడు చిగుళ్లు చెడిపోయి కరీం భాయ్ పై పళ్లన్నీ ఊగాయి. అన్నీ తీసేసి కట్టుడు పళ్లు పెట్టాలన్నాడు గోదావరిఖనిలో డాక్టరు. మెహరాజ్ కూడా వెంట వెళ్లింది. పాత వంకర ఉండొద్దు, అన్నీ వరుసగా ఉండాలని డాక్టరుకు ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ చేయించింది. పెట్టించిన రోజు ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ చూపించింది. బాగున్నాయన్నాను నేను. నిజంగానే బాగున్నాయి.

ట్రంపెట్ మాత్రం పలకలేదు. ఇన్నేళ్లూ అది కుదురుకున్న వంకర ఇప్పుడు లేదు. నున్నటి పళ్ల మీద జారిపోతుంది. జారకుండా ఒత్తితే పళ్లసెట్టు కదులుతుంది, గాలి పక్కల నుంచి పోతుంది. ఒత్తొద్దని ఊరందరికీ చెప్పిన మనిషి తానే ఒత్తడం మొదలుపెట్టాడు, పెదవి లోపల చిట్లింది. డీజేలు వచ్చాక బ్యాండుకు గిరాకీ లేదని ఇంట్లో చెప్పి, పొద్దుటి ఊదడం కూడా మానేశాడు. మెహరాజ్ నమ్మింది.

మా ఆయన ఒకరోజు ఫస్టు షిఫ్టు దిగి వస్తుంటే, ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్టల వెనక ఎవరో కొత్తగా ట్రంపెట్ నేర్చుకుంటున్నట్టు వినపడిందట. పోయి చూస్తే కరీం భాయ్. ఉన్న సంగతంతా చెప్పుకుని, మెహరాజ్‌కు తెలియనియ్యొద్దని ఒట్టు వేయించుకున్నాడట. మా ఆయన నా దగ్గర దాచగలడా! విని నేను మండిపడ్డాను. కట్టుకున్నదానికి చెప్పుకోలేనంత కష్టమా, ఏం మనిషి ఈయన అన్నాను.

అప్పుడు కరీం భాయ్ అన్న మాట చెప్పాడు మా ఆయన. “ప్రేమతోని పెట్టిచ్చింది సదన్నా. మంచిగ లెవ్వని ఏ నోటితోని చెప్పాలె?”

నేనూ మెహరాజ్‌కు చెప్పలేదు.

ఇంతలో మా ఆయన రిటైరయ్యే రోజు దగ్గరపడింది. మా దగ్గర రిటైరైనవాణ్ణి దండలేసి, గులాల్ చల్లి, జీపు ఎక్కించి, గని గేటు నుంచి ఇంటిదాకా బ్యాండుతో తీసుకొస్తారు. మా పెళ్లి బారాతులో ఊదింది కరీం భాయే, ఈ ఊరేగింపుకూ తానే ఊదుతానని ఎప్పుడో మాటిచ్చి ఉన్నాడు. ఊదకున్నా సరే, పక్కన నడిస్తే చాలని మా ఆయన బతిమాలాడు. వింటేగా! ఆలోపు పెదవి దారికొస్తుందట, ఆ ఒక్కరోజు పలికితే మెహరాజ్‌కు ఎన్నటికీ తెలియాల్సిన పని లేదట. ప్రతి సాయంత్రం గుట్టల వెనక్కి పోతూనే ఉన్నాడు.

ఆ రోజు మెహరాజ్ తెల్లారకముందే వచ్చి మా ఇంటి పనంతా మీదేసుకుంది. మధ్యాహ్నానికి ఇద్దరం గడపలో కూర్చుని పూలు తెంపి పళ్లెంలో వేస్తున్నాం. ముందు డ్రమ్ము వినపడింది. తర్వాత ట్రంపెట్ లేచింది, లేచినట్టే లేచి చీలింది. మళ్లీ లేచింది, మళ్లీ చీలింది.

మెహరాజ్ చెయ్యి ఆగింది. “ఊదుతున్నది ఎవరక్కా? కొత్తోన్ని పెట్టిన్రా? మా ఆయన రాలేదా?”

నేను పళ్లెంలోకి చూస్తూ పూలు తెంపుతూనే ఉన్నాను. ఆమె నా మొహం చూసి, చున్నీ సర్దుకుని మా ఇంటి గేటు దగ్గరికి నడిచింది. జీపు ముందు కరీం భాయ్ కళ్లు మూసుకుని, బుగ్గలు ఉబ్బించి, రెండు చేతులతో ట్రంపెట్‌ను నోటికేసి అదుముతున్నాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఆమె. ట్రంపెట్ దించి నవ్వాడు. వరుస పళ్ల మీద నెత్తురు.

మెహరాజ్ అంతమంది ముందు దగ్గరికి వెళ్లి చున్నీ కొంగుతో ఆయన మూతి తుడిచింది. డ్రమ్ము వాయించేవాళ్లు ఆపేశారు. జీపు మీద దండలతో నిలబడ్డ మా ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మర్నాడే ఆమె డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. పాత పళ్లలాగే, ఆ వంకరతోనే మళ్లీ చెయ్యమని అడిగింది. పళ్లు పీకకముందు అచ్చు తీసి ఉంటే చేసేవాణ్ణని, ఇప్పుడు తనకు గుర్తులేదని అన్నాడట డాక్టరు. ఆ పన్ను కనిపించే ఫొటో ఏదైనా ఉంటే తెమ్మన్నాడట.

వాళ్లింట్లో ఉన్నవన్నీ చూసుకుని, చివరికి మా ఇంటికొచ్చింది. మా పెళ్లి ఆల్బమ్ దగ్గర్నుంచి పిల్లల పుట్టినరోజుల దాకా అన్నీ నేల మీద పరిచాం. కరీం భాయ్ చాలా ఫొటోల్లో ఉన్నాడు. కొన్నిటిలో ట్రంపెట్ నోటికి ఆనించి ఉంది. తక్కినవాటిలో పెదవులు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

“ఫొటో దిగేటప్పుడల్లా నోరు మూస్కొమ్మని నేనే అంటుంటి అక్కా,” అంది మెహరాజ్. “ఒక్కసారన్న నవ్వనియ్యకపోతి.”

ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆమె కళ్లు తుడుచుకుని, మా పెళ్లి ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టింది.