తుమ్ముకు గట్టిమేళం

చదువు అయిపోయి, ఉద్యోగం ఇంకా నా అడ్రసు కనుక్కోని ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఫోన్లో ఛాంబర్ మ్యూజిక్ అనేదాన్ని చూశాను. మైకు ఉండదు, స్టేజీ ఉండదు. ఒక గదిలో నలుగురు కూర్చుని, ఒకరి వాయిద్యం ఒకరు వింటూ మెత్తగా వాయించుకుంటారు. వినేవాళ్లు కిక్కురుమనరు. ఇలాంటిది మా గిద్దలూరులో పెట్టాలి, అదీ మామూలుగా కాదు, దేశదేశాల పల్లెపాటలు కలిపి పెట్టాలి అని నాకు బుద్ధి పుట్టింది. (నలుగురు ఒక గదిలో చేరి మెల్లగా ఉండటం మా ఊళ్లో ఎప్పుడైనా జరిగిందా అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.)

చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న వయొలిన్ నాకు ఉండనే ఉంది. పెళ్లిళ్లలో డోలు వాయించే మామ ఒకాయన (చుట్టం కాదు, ఊరందరికీ మామే), ఆయన పక్కన క్లారినెట్ ఊదే చాచా ఒకాయన. డీజే బాక్సులు వచ్చాక ఇద్దరికీ పని తగ్గి, మా నాయన బోరు మోటార్ల దుకాణం ముందు బెంచీ మీద కాలక్షేపం చేసేవాళ్లు. వాళ్లను పట్టుకున్నాను. ఎక్కడో మంచుకొండల్లో గొర్రెల కాపరులు పాడుకునే పాట, బేస్తవారిపేట దగ్గర మా అవ్వ కలుపు తీస్తూ పాడే పాట, చాచాకు వాళ్లమ్మ దక్కనీ ఉర్దూలో పాడిన జోలపాట, మూడూ అల్లి ఒకటి చేశాను. మంచుకొండల పాట వినగానే మామ అడిగాడు, “యాడిది పాపా ఇది?” “చాలా దూరం మామా, అక్కడ గొర్రెలు కాసేవాళ్లది.” “ఐతే మనదే. గొర్రెలు యాడైనా గొర్రెలే గదా,” అని తాళం అందుకున్నాడు.

మా నాయనకు మాత్రం ఇదంతా గిట్టేది కాదు. కొట్లాడి కొట్లాడి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఇలాంటి సంగీతమే నేర్పే చోటు బెంగళూరులో ఒకటుంది. నేను ఫోన్ చేసి బతిమాలితే, అక్కడి పెద్దాయన కొత్తవాళ్లను ఎంచుకోవడానికి ఊళ్లు తిరుగుతూ మా ఇంటికీ వస్తానన్నాడు. “ఆ సారు వచ్చి బాగుందంటే పో, నేను అడ్డం రాను. బాగలేదన్నాడో, మారు మాట్లాడకుండా వచ్చి దుకాణంలో కూచో. మోటార్ల పని నేర్చుకో. సరేనా?” అన్నాడు నాయన. “సరే నాయనా,” అన్నాను. అన్నానే గానీ, ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

అసలు చిక్కంతా మామ చెయ్యి. జోలపాట దగ్గర అన్నీ సద్దుమణిగి, వయొలిన్ ఒక్కటే సన్నగా వినపడాలి. డోలు మీద వేళ్లు ఆనీ ఆనకుండా పలకాలి. “ఇంత మెల్లగానా? పెండ్లి పీటల మీదనే ఆగిపోయిందనుకుంటారు పాపా!” “పెళ్లి కాదు మామా, ఇది ఛాంబర్ మ్యూజిక్.” “ఏదైతే ఏంది, పది మందికీ వినపడొద్దా?” చాచా పకపకా నవ్వేవాడు. “అరె బేటీ, మెల్లగ అనేది వీని చేతికి అల్లా రాయనే లేదు,” అనేవాడు. చివరికి డోలు కర్రను తీసి నడిమింట్లో బియ్యం డబ్బా వెనక దాచేసి, వట్టి వేళ్లతో వాయించమన్నాను. మామ బుద్ధిమంతుడిలా తలూపాడు. (అంత త్వరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.)

పెద్దాయన వచ్చిన రోజు నడిమింట్లో చాపలు పరిచాం. ఆయన కుర్చీలో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోడ వెంట, నాయన గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని. గొర్రెల పాట హాయిగా సాగింది. కలుపు పాట వచ్చేసరికి గోడ వెంట పెదవులు కదిలాయి. జోలపాట అందుకున్నాను. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. గెలిచానురా దేవుడా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే, సారుకు ఉప్మా చేద్దామని వంటింట్లో మా అమ్మ ఎండుమిరపకాయల పోపు పెట్టింది. ఘాటు మెల్లగా నడిమింట్లోకి వచ్చింది. పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు, రుమాలు వెతుక్కున్నాడు, ఆపుకోవాలని చూశాడు, ఇక ఆగలేదు. “హాఛ్!”

పెళ్లిలో గట్టిమేళం ఎందుకో తెలుసుగా? తాళి కట్టే వేళ తుమ్ములాంటి అపశకునం ఎవరి చెవినా పడకూడదని. మామ జన్మంతా చేసిన పని అదే. ఆ తుమ్ము పూర్తి కాకముందే, నడుముకు చెక్కుకున్న రెండో కర్ర (అదొకటి ఉందని నాకెవరు చెప్పారు!) బయటికి వచ్చేసింది. ఢమఢమఢమఢమ! చాచా కళ్లయినా తెరవకుండా క్లారినెట్ ఎత్తి ఊపిరంతా పోసి ఊదాడు. ఇల్లు అదిరిపోయింది. గోడ వెంట ఆడవాళ్లు దిగ్గున లేచారు. మా పెద్దమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి పెద్దాయన నెత్తిన వేసింది. ఆమెను చూసి మిగతావాళ్లూ వేశారు. ఆయన, పాపం, అలవాటు కొద్దీ తల వంచి అక్షింతలు వేయించుకున్నాడు. నా వేళ్లు మాత్రం జోలపాట వాయిస్తూనే ఉన్నాయి, ఎవరికి వినపడాలని!

మేళం ఆగింది. “తుమ్మినాడు పాపా, ఊరికే ఎట్ల కూచుండేది?” అన్నాడు మామ మెల్లగా. (మెల్లగా! అప్పుడు వచ్చింది ఆయనకు.) ఇక నా బతుకు మోటార్ల మధ్యనే అనుకున్నాను. ఏడుపు మొగంతో వయొలిన్ ఒళ్లోకి దించుకున్నాను. పెద్దాయన కళ్లజోడు మీది బియ్యం గింజలు దులుపుకుని, “పాటలో ఇక్కడ ప్రతిసారీ ఇలాగే వస్తుందా అమ్మా?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మాట గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. “ప్రతిసారీ ఇంతే సార్. ఆడ ఎవురో ఒకరు తుమ్మాల, ఈయప్ప కొట్టాల. మా పాప అట్లనే కట్టింది పాట.” మా నాయన! నోరు మూసుకుని నిలబడితే చాలు, ఆయనే నెగ్గేవాడు.

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. “జోల పాడి నిద్రపుచ్చి, పెళ్లిలో లేపారు కదమ్మా! బెంగళూరు వచ్చెయ్,” అన్నాడు. ఉప్మా రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఆయన వెళ్లాక, “ఎందుకు చెప్పావు నాయనా అట్లా?” అని అడిగాను. “నువ్వు ఏడుపు మొగం పెట్టుకోని కూచుంటే మోటార్లు ఎవురు కొంటారు?” అని గొణుగుతూ దుకాణానికి వెళ్లిపోయాడు.

ఆ రోజు పడిన బియ్యం గింజ ఒకటి నా వయొలిన్ లోపల ఇప్పటికీ ఉంది. ఊపితే గలగలమంటుంది. బాగు చేసేవాళ్లు తీస్తామన్నా తీయనివ్వను. మొన్న ఒక పెద్ద హాల్లో, సరిగ్గా నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట, నాకే తుమ్ము వచ్చింది. పక్కన మృదంగం వాయిస్తున్నాయన ఎంతో మర్యాదగా రుమాలు అందించాడు. అంతే, ఇంకేమీ జరగలేదు. నాకు చెప్పలేనంత దిగులేసింది. కచేరీ కాగానే నాయనకు ఫోన్ చేశాను.

“నువ్వు తుమ్మితే ఎవురూ కొట్టలేదా?” నాయనకు కోపం వచ్చింది. “అదేం మేళం పాపా? ఉండు, మామా చాచా ఈడ్నే బెంచీ మీద ఉండారు. ఏదీ, ఇప్పుడు తుమ్ము.”

చుట్టూ పెద్దమనుషులు. ఒంటి మీద పట్టుచీర, పాపిట్లో తొంగిచూస్తున్న తెల్లవెంట్రుకలు. ఈ వయసులో ఇదేం పని అని నవ్వుకుంటూనే గోడవైపు తిరిగి, “హాఛ్” అన్నాను. గిద్దలూరులో, మా దుకాణం ముందు, ఖాళీ మోటారు పెట్టె మీద గట్టిమేళం మోగింది.