వేరుశనగ కాయల గడియారం

ఎండిన నేలలోనూ పచ్చని మొక్కను మొలిపించే దేవునికి స్తోత్రం.

చుట్టూ వేరుశనగ చేలే ఉండే నల్లమాడలో మా సంఘపు పెద్దాయన ఒకరు ఇంటి వసారాలో చెక్క గడియారాలు చేసేవారు. వాటి అంచున ఎప్పుడూ వేరుశనగ కాయలే చెక్కేవారు. మందిరానికి చేసేదాని మీదైనా బైబిలు వాక్యంలో ఉన్నట్టు ద్రాక్షతీగ చెక్కమని అడిగాను.

"ద్రాక్షతోట నేను యాడ చూసినాప్పా?" అన్నారు.

"దేవుణ్ణి చూసే నమ్మినావా మామా?"

"నమ్మేకి కండ్లు అక్కర్లేదప్పా, చెక్కేకి కావల్ల," అని నవ్వి, మళ్ళీ కాయలే చెక్కారు. ఆ గడియారం కిందే మేమిప్పుడు ఆరాధిస్తున్నాం.

ఈమధ్య ఆయన చూపు మసకబారింది. ఒక పక్క కాయలు, రెండో పక్క వట్టి చెక్కతో ఒక గడియారం వసారాలోనే ఆగిపోయింది. రేపు కంటి ఆపరేషన్. విశ్వాసానికి ఆయనకు కొదువ లేదు. చూపు కోసం మీరూ నాతో కలిసి ప్రార్థించండి.