సాబ్ రాసిచ్చిన చిట్టీ

మొన్న శుక్రవారం పొద్దుగాల యాకుత్‌పురా స్టేషన్ల బండి కోసం నిలబడ్డ. ఫోన్ మోగింది. మా ఫుట్‌బాల్ సంఘం సెక్రెటరీ సాబ్ ఆఫీసుల కుర్చీలనే ప్రాణం ఇడిచిండని కింద గిన్నెల దుకాణం సేటు చెప్పిండు. బండి వచ్చింది, పోయింది. నేను ఎక్కలే.

ఈ సంతాప సభకు వచ్చిన మీలో చాలామందికి ఆయన అఫ్జల్‌గంజ్‌ల, ఆ దుకాణం మీది ఇరుకు గదిల, ఫైళ్ల నడుమ కూసునే పెద్దమనిషిగనే తెలుసు. అంతకుముందు కలకత్తా క్లబ్బులకు జీతం మీద ఆడిన మనిషి. బాల్ కాలికి దొరికితే చాలు, గీత పొంటి ఉరుకుడే. అబ్బా, ఏం ఉరుకుడు! నాకు మొదటి బూట్లు కొనిచ్చింది ఆయనే. నా నౌకరీ కూడ ఆయన సిఫారసే.

మోకాలు పోయినంక సంఘమోళ్లు బతిమాలిన్రు, "రెండు దినాలు కూసో భాయ్, ఎవరన్న దొరికేదాక" అని. ఆ రెండు దినాలు ఇరవై ఏండ్లయినయ్.

ఎందుకు లేవలేదంటరా? మా బస్తీ గ్రౌండ్ కోసం. అండ్ల ఫంక్షన్ హాల్ కడదామని చూసెటోళ్లు మస్తు మంది. లీగ్ మ్యాచులు నడిచినన్ని రోజులే అది సంఘం చేతిల ఉంటది. అందుకే టీముల లొల్లి, రెఫరీల అలకలు, పర్మిషన్ కాయితాలు అన్నీ ఆయన నెత్తిమీదనే. టేబుల్ కింద ఒక పాత బాల్ ఉండేది. పైన సంతకాలు పెడుతుంటే కింద ఎడమకాలు దాన్ని దొర్లిస్తనే ఉండేది. "చేతులు గిరఫ్తార్ అయినయ్ రా, బేడీలు పడ్డయ్, కాలు ఒప్పుకుంటలే" అని నవ్వెటోడు.

నేను ఆయన కింద జాయింట్ సెక్రెటరీని. పోయినేడు నా చేతిల ఒక చిట్టీ పెట్టిండు. ఆట నడుమ మనిషిని మార్చేటప్పుడు రెఫరీకి ఇస్తం జూడున్రి, గదే. 'బయటికి' అన్నకాడ తన పేరు, 'లోపలికి' అన్నకాడ నా పేరు.

"ఇదేంది సాబ్?"

"రాజీనామా. ప్రెసిడెంట్‌కు ఇయ్యి. పొద్దుగాల గ్రౌండ్‌కు పోయి ఆడపిల్లలకు ఆట నేర్పుకుంట."

"మీరే ఇయ్యొచ్చు గద?"

"బయటికి పోయెటోడు తన చిట్టీ తాను ఇయ్యడు బేటా. ఇంకొకళ్లు ఇయ్యాలె."

తల ఊపిన. ఆ గదిల, ఆ లొల్లిల, నేనా? చిట్టీని నా సొరుగుల అడుగున పెట్టి తాళమేసిన.

నెలకోసారి అడిగెటోడు, "ఏమైంది రా?" అని. "ప్రెసిడెంట్ ఊర్ల లేడు సాబ్" అని ఒక నెల, "చూస్తనన్నడు, ఫికర్ చెయ్యకున్రి" అని ఇంకో నెల అనెటోణ్ని. ఆయన నమ్మెటోడు. పిలుపు వచ్చేదాక ఆగుడు ఆటల నేర్చుకున్న మనిషి, ఇంకొకళ్లను పోయి అడగలే. నేనే ఆయన్ని ఆడ కట్టేసిన. ఇది ఇయ్యాల్టిదాక ఎవ్వరికీ చెప్పలే. మీకు చెప్తున్న.

కబరస్తాన్ల మట్టి ఇచ్చి ఆఫీసుకు వచ్చినంక ప్రెసిడెంట్ నా భుజం మీద చెయ్యేసిండు. "గ్రౌండ్ కాయితాల గడువు దగ్గరపడ్డది. రెండు దినాలు కూసో, ఎవరన్న దొరికేదాక."

సొరుగు తెరిచి చిట్టీ తీసి ఆయనకిచ్చిన. చదివి, 'లోపలికి' అన్నకాడ నా పేరు మీద వేలు పెట్టి చూపి, చిట్టీ నా ముంగటనే పెట్టి పోయిండు.

కుర్చీల కూసున్న. కింద బాల్ కాలికి తగిలింది. బూటు ఇడిచి, దాని మీద పాదం పెట్టి, మెల్లగ దొర్లించిన.