మమ్మల్ని బయటికి పంపిన లాయరమ్మ

మొన్న ఏలూరు బస్సులో, వానకు తడిసిన నల్లకోటుతో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఆ తడి గుడ్డ వాసన తగలగానే రత్నకుమారి గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్లవుతోంది. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ల తరఫున ప్రభుత్వం ఏర్పాటు చేసే లాయరు ఆవిడ. మా తమ్ముడు సురేష్ ఇవాళ తలెత్తుకు తిరుగుతున్నాడంటే ఆ తల్లి చలవే.

అప్పట్లో వాడు కైకలూరు దగ్గర ఒక చేపల చెరువుకు కాపలా ఉండేవాడు. ఆ పని ఇప్పించింది మామయ్య. నాన్న పోయాక మా ఇంటికి ఆయనే పెద్దదిక్కు. ఒకరోజు తెల్లారేసరికి చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. మబ్బు పట్టి గాలాడక పోయాయో, మరేమైందో ఎవరికీ తెలియదు. అంతకు ముందే జీతం దగ్గర యజమానికీ వీడికీ మాటామాటా వచ్చింది. ఇంకేముంది, నీళ్లలో పురుగుమందు కలిపింది వీడేనని కేసు పెట్టారు, పోలీసులు తీసుకెళ్లారు. రాత్రి ఎక్కడున్నావురా అని పోలీసులడిగినా, అమ్మడిగినా వాడు తల వంచుకునేవాడే తప్ప నోరు విప్పలేదు.

మామయ్య మమ్మల్ని ఏలూరులో పేరున్న క్రిమినల్ లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మంచివారే, అంతా ఓపిగ్గా విన్నారు. "కుర్రాడు రాత్రంతా గట్టు మీదే ఉన్నాడండీ, కన్ను మూయలేదండీ. ఎవరో వేరేవాళ్ల పనండీ ఇది" అని మామయ్య కళ్లారా చూసినట్టే చెప్పాడు. అయితే ఆ మాట మీదే కేసు నడుపుదామన్నారు ఆయన. ఫీజు కోసం అమ్మ గేదెను అమ్మడానికి సిద్ధపడింది. ప్రభుత్వం లాయరు కూడా ఉంటారట కదా అని నేనంటే, "డబ్బు తీసుకోనివాళ్లకి మనోడి మీద బెంగెందుకుంటదే?" అని కొట్టిపారేసింది.

సబ్‌జైల్లో సురేష్‌ను చూడటానికి వెళ్లిన రోజు రత్నకుమారి గారు అక్కడే ఉన్నారు, వాడి కేసు ప్రభుత్వం ఆవిడకే అప్పగించిందట. పొట్టి మనిషి, చేతిలో గొడుగు. "మేం ప్రైవేటు లాయరు గారిని మాట్లాడుకున్నామండీ, మీరు శ్రమ పడకండి" అన్నాడు మామయ్య.

"మంచిదండీ. ఆయన నాకంటే అనుభవం ఉన్నవారు, బాగా చేస్తారు. కాకపోతే వకాల్తా మీద సంతకం పెట్టాల్సింది అబ్బాయి కదండీ. ఎవరు కావాలో అబ్బాయిని అడిగారా?"

అడగాలన్న ఆలోచనే మామయ్యకు గానీ, అమ్మకు గానీ, నాకు గానీ రాలేదు.

"ఏమీ అనుకోకండి, మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారావిడ. మామయ్యను బయట కూర్చోమన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. అంత దిగుల్లోనూ నాకు కొంచెం నవ్వొచ్చింది.

చాలాసేపటికి ఆవిడ బయటికి వచ్చి, "అబ్బాయి నన్నే ఉండమన్నాడండీ" అన్నారు. ఏం చెప్పాడని అమ్మ అడిగితే, "అది అబ్బాయే చెప్పాలమ్మా, నేను చెప్పకూడదు" అన్నారు.

బెయిలు మీద వచ్చిన రోజు సాయంత్రం సురేష్ మామయ్య ఎదుట నేల మీద కూర్చున్నాడు. ఆ రాత్రి వాడు చెరువు దగ్గరే లేడు. తాడేపల్లిగూడెంలో ఒక బేకరీలో పని నేర్చుకోవడానికి ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు. "కాపలా వదిలేసి పోయానంటే మీ మాట పోతుందని ఊరుకున్నానండీ. కోర్టులో తెలిసేలోపు నువ్వే చెప్పుకో నాయనా అన్నారు లాయరమ్మ గారు."

మామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాతో ఒక్క ముక్క అనొచ్చు కదరా."

"మీరు అడగలేదు మామయ్యా. గట్టు మీదే ఉన్నానని మీరే చెప్పేశారు."

మర్నాడు మామయ్యే తాడేపల్లిగూడెం వెళ్లి, సాక్ష్యానికి రమ్మని బేకరీ యజమానిని బతిమాలాడు. రత్నకుమారి గారు ఆ సాక్ష్యాన్ని నిలబెట్టారు. కేసు కొట్టేశారు. పెద్ద లాయరు గారైనా గట్టిగానే వాదించేవారు, కానీ మేమిచ్చిన అబద్ధం మీద వాదించేవారు. వాణ్ణి మా చేతులతోనే ఆ చెరువు గట్టు మీద నిలబెట్టేవాళ్లం. ఆవిడ రుణం తీర్చుకోలేనిది.

నేను ఏలూరులో ఒక ఆసుపత్రిలో నర్సును. నిన్న ఒక పెద్దాయన ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయనని మొండికేశారు. "మా నాన్నకేం తెలీదండీ, మేం చెప్తాం" అంటున్నారు కొడుకులు. వాళ్లను కాసేపు బయట కూర్చోమని, తలుపు వేసి, మంచం పక్కన స్టూలు లాక్కున్నాను.

"మీరు చెప్పండి బాబాయ్ గారూ, మీకేం కావాలి?"

ఆయన తలుపు వైపు చూశారు. అది మూసే ఉందని చూసుకుని, అప్పుడు మొదలుపెట్టారు.